సగం కోసిన వాక్యం

పోయిన వారం లెక్చరరమ్మను ప్రెస్సులో, అప్పుడే బైండింగు అయిన పుస్తకాల దొంతర ముందు వదిలేశాం. పార్టీ స్వర్ణోత్సవాల పుస్తకంలో 'మన పార్టీ ఆర్థిక ఆలోచన' అన్న అధ్యాయం రాసే పని ఆమెకు అప్పగించారు. కాలేజీ అయ్యాక రోజూ లైబ్రరీలో కూర్చుని, కళ్ళు మంటలెత్తేదాకా చదివి రాసింది. తీరా అచ్చయ్యాక చూసుకుంటే, తన పేరుతో ఉన్న ఆ అధ్యాయం చివర తను రాయని పేరా ఒకటి కనిపించింది. పార్టీకి ఆర్థిక పాఠాలు నేర్పిన మాస్టారు, అంటే స్వయానా ఆమె మామగారు, "నీళ్ళు ప్రభుత్వం చేతుల్లోంచి బయటికి రావాలి" అని ఎప్పుడో అన్నారని అందులో ఉంది. అదే మాస్టారిని పార్టీ బహిష్కరించిందని ఆమె రాసిన పేజీ మాత్రం మాయమైంది. మర్నాడే మహాసభ. ఊరికి నీళ్ళిచ్చే పంపుహౌసును ఒక కంపెనీకి దీర్ఘకాలం కౌలుకివ్వాలన్న తీర్మానం మీద ఆ సభలోనే ఓటింగు. అధికారంలో ఉన్నది ఆ పార్టీయే కాబట్టి సభలో చెయ్యెత్తితే పని అయిపోయినట్టే.

ఆమె ఒక పుస్తకం చేత్తో పట్టుకుని ప్రెస్సు నుంచి తిన్నగా పార్టీ ఆఫీసుకు నడిచింది. బస్సెక్కి కూర్చుంటే దారిలో కోపం చల్లారిపోతుందేమోనని అనిపించింది. చల్లారకూడదు. ఈ కోపం ఆమెకు ఇవాళ అవసరం.

పార్టీ ఆఫీసు కింది అంతస్తులో ఒకప్పుడు పెద్ద హాలు ఉండేది. ఆదివారాలు అక్కడే మాస్టారు కార్మికులకు ఆర్థికశాస్త్రం చెప్పేవారు. హాలు చాలని రోజుల్లో అందరూ లేచి పంపుహౌసు ఆవరణకు వెళ్ళేవాళ్ళు. ఇప్పుడా హాలును బ్యాంకుకు అద్దెకిచ్చారు. పై అంతస్తుకు వెళ్ళాలంటే డబ్బు తీసే మెషీను ముందు నిలబడ్డ వాళ్ళను కాస్త జరగమని బతిమాలుకోవాలి.

మెట్ల పక్క గోడకు పాత ఎన్నికల పోస్టర్లను అద్దాలు కట్టించి తగిలించారు. అన్నిటికంటే కింద ఉన్నదాని మీద 'నీళ్ళు ప్రజలవి' అని ఉంది. కొంచెం పైకెక్కితే 'లబ్ధిదారులందరికీ మంచినీళ్ళు'. చివరి మెట్టు దగ్గర, మెరిసే కాగితం మీద, 'వినియోగదారుల సంతృప్తే మా లక్ష్యం'. ఆమె తన అధ్యాయాన్ని ఈ మెట్ల మీదే మొదలుపెట్టింది. బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడే మనిషి మారలేదు, పార్టీ అతన్ని పిలిచే పేరు మారుతూ వచ్చింది, పేరు మారినప్పుడల్లా నీళ్ళ మీద అతనికున్న హక్కు కొంచెం కరిగింది అని రాసింది. ఆ వాక్యం అచ్చులో అలాగే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడం వల్లే చివరి పేరా కూడా ఆమే రాసిందని చదివినవాళ్ళు నమ్ముతారు. ఆ సంగతి తట్టేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

సెక్రటరీ గది తలుపు తెరిచే ఉంది. ఆయన్ని పార్టీలో అందరూ కండక్టర్ అనే పిలుస్తారు. ఆయనకూ అదే ఇష్టం. సిటీ బస్సుల్లో టిక్కెట్లు కొట్టి, యూనియన్ నాయకుడై, అంచెలంచెలుగా సెక్రటరీ అయిన మనిషి. ఆ బస్సులు ప్రైవేటు వాళ్ళ పరం అయింది కూడా ఆయన హయాంలోనే. చెవి మీద పెన్ను పెట్టుకునే అలవాటు మాత్రం పోలేదు.

"రా చెల్లెమ్మా," అన్నాడాయన. "పుస్తకం చూశావన్నమాట. కాగితం ఎంత బాగుందో చూడు. టీ చెప్పనా?"

"టీ తాగడానికి రాలేదన్నా."

"ఈ గదిలోకి టీ తాగడానికి ఎవరొస్తారమ్మా. అందరూ ఏదో ఒకటి అడగడానికే వస్తారు. టీ తాగి వెళ్ళిపోతారు."

ఆమె కూర్చోలేదు. పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది.

"ఈ పేరా నేను రాయలేదు. మామయ్యను పార్టీలోంచి పంపేసిన సంగతి నేను రాశాను. అది ఇందులో లేదు."

"పేజీలు ఎక్కువయ్యాయి. ఎడిటింగన్నాక ఆ మాత్రం ఉంటుందిగా."

"ఎడిటింగంటే తప్పులు దిద్దుతారు సెక్రటరీ గారూ. మనిషిని దిద్దరు."

'అన్నా' పోయి 'సెక్రటరీ గారూ' రావడం ఆయన గమనించాడు. చెవి మీది పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"సరే, ఒక్క మాట అడుగుతా. ఇంకేం వద్దు. అందులో ఉన్నది అబద్ధమా? మాస్టారు ఆ మాట అన్నారా, అనలేదా?"

మాస్టారు ఆదివారం పాఠాలు చెప్పిన రోజుల్లో ఆమె వేరే ఊళ్ళో చదువుకుంటోంది. ఈ ఇంటి కోడలైంది ఆ తర్వాతే. పార్టీ పత్రిక పాత సంచికలో బహిష్కరణ తీర్మానం చదివింది. 'ప్రభుత్వ రంగాన్ని వ్యతిరేకించి ప్రజలకు ద్రోహం చేశారు' అన్నది అభియోగం. దానికి సాక్ష్యంగా మాస్టారు అన్నారంటూ ఒకే ఒక్క వాక్యం వేశారు. ఇదే వాక్యం. ఇక ఇంట్లో ఆ ఊసే ఎత్తకూడదు. ఎత్తితే మాస్టారు రేడియో గొంతు పెంచేవారు.

"ఆ పాఠం రోజు నేను ముందు వరసలో కూర్చున్నాను," అన్నాడు కండక్టర్. "డ్యూటీ దిగి తిన్నగా వచ్చాను, ఖాకీ కూడా విప్పలేదు. ఈ చెవులతో విన్నాను. ఆయన అన్నారు."

"అన్నారు కాబట్టే గెంటేశారు. ఆ రోజు కమిటీలో చెయ్యెత్తిన వాళ్ళలో మీరూ ఉన్నారు."

"ఉన్నాను. కాదనను."

"ఏ మాటకు ద్రోహి అన్నారో ఆ మాటనే ఇప్పుడు మంచి కాగితం మీద అచ్చేసి, కింద నా పేరు పెట్టి, ఆయన్ని దార్శనికుణ్ణి చేశారు. ఎందుకంటే ఇప్పుడు మీకు కంపెనీ వాళ్ళను లోపలికి తేవడానికి ఒక పెద్దమనిషి కావాలి. ఆయన మారలేదు. మారింది మీరు. ఎప్పుడు మారారు, ఎవరి కోసం మారారు, అది రాయకుండా పార్టీ చరిత్ర ఎలా అవుతుంది ఇది?"

"పార్టీ కూడా మనిషిలాంటిదేనమ్మా, నేర్చుకుంటుంది. మాస్టారికి ముందే తెలిసింది, మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ మాట రేపు సభలో నేనే ఒప్పుకుంటాను. అది గౌరవం కాదా?"

"గౌరవమే అయితే ఆ పేజీ ఎందుకు తీసేశారు?"

"పెళ్ళి పందిట్లో పాత తగాదాలు ఎవరు చదువుతారు?" ఆయన నవ్వాడు. తర్వాత ఆ నవ్వు తీసేసి ఉన్నమాట చెప్పాడు. "చూడు, నీ దగ్గర దాపరికం ఎందుకు. రేపటి సభలో పంపుహౌసు కార్మికుల ఓట్లు నాకు కావాలి. నా మాట వాళ్ళు నమ్మరు. బస్సులు పోయినప్పట్నుంచీ నా మొహం చూడరు. మాస్టారి మాటంటే ఇప్పటికీ చెవి కోసుకుంటారు. అందుకని మాస్టారి మాట పెట్టాను. లేని మాట పెట్టలేదు. ఉన్న మాటే."

"అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నాను. నా పేరు కొట్టెయ్యండి."

"ఇప్పటికే హాలుకు వెళ్ళిపోతున్నాయి పుస్తకాలు. కుర్చీకొకటి." ఆయన లేచి కిటికీ తెరిచాడు. కింద వ్యాన్‌లోకి కట్టలు ఎక్కిస్తున్నారు. "ఇంకో సంగతి. ఆ పేరా నేను రాశాననుకుంటున్నావు. నాకంత మంచి భాష ఎక్కడిది చెల్లెమ్మా? అది మీ ఇంట్లోంచే వచ్చింది."

ఆమె భర్త పార్టీ అధికార ప్రతినిధి. మాస్టారి ఒక్కగానొక్క కొడుకు. మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె మనసు ఇంకెవరి పేరైనా దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రపు ఎండ ఇంకా వంటింటి గోడ మీద ఉంది. భర్త డైనింగ్ టేబుల్ దగ్గర మర్నాటి ప్రెస్ నోటు రాసుకుంటున్నాడు. అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆవిడ పాతికేళ్ళు పార్టీ ఆఫీసులో టైపిస్టు. పని మానేసి చాలా కాలమైనా, ఏదైనా ఆలోచిస్తుంటే వేళ్ళు ఇప్పటికీ బల్ల మీద టకటకలాడతాయి. లోపలి గదిలోంచి రేడియో వినిపిస్తోంది. మాస్టారు అక్కడే ఉన్నారు.

ఆమె పుస్తకాన్ని భర్త కాగితాల మీద పడేసింది.

"ఎవరు రాశారు ఇది?"

అతను తలెత్తి చూశాడు, పుస్తకం వైపు చూశాడు, మళ్ళీ తల దించుకున్నాడు. టీవీ కెమెరాల ముందు తడుముకోకుండా మాట్లాడే మనిషి నీళ్ళు నమిలాడు.

"నీకు చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు? ఓట్లు లెక్కపెట్టాకా?"

"ఏముంది అందులో? నాన్న అన్న మాటే రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు."

"ఏ మాట?" అంది అత్తగారు.

ఆవిడ చెయ్యి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకం తీసుకుని ఆ పేరా పైకి చదివింది. చదివి, వేలు ఒక చోట ఆపింది.

"ఇక్కడ ఫుల్‌స్టాప్ ఎందుకు పెట్టావురా?"

"అమ్మా, ఇప్పుడు..."

"ఆ పాఠం టైపు చేసింది నేను. 'బయటికి రావాలి' తర్వాత ఫుల్‌స్టాప్ లేదు. కామా ఉంది." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నీళ్ళు ప్రభుత్వం చేతుల్లోంచి బయటికి రావాలి, తోడేవాళ్ళ చేతుల్లోకీ తాగేవాళ్ళ చేతుల్లోకీ రావాలి, మధ్యలో మూడో చెయ్యి పడితే అది దొంగ చెయ్యే అవుతుంది. అదీ ఆయన అన్నది. పార్టీ గెలిచాక పంపుహౌసు ప్రజలదైందని పండగ చేసుకున్నాం కదా, తీరా చూస్తే మంత్రి బావమరిది మేనేజరయ్యాడు, కార్మికుడు గేటు బయటే ఉన్నాడు. ఈయనకు కడుపు మండి ఆ పాఠం చెప్పారు. మర్నాడే కమిటీ వాళ్ళొచ్చి నేను టైపు చేసిన కాపీలన్నీ పట్టుకుపోయారు. పత్రికలో సగం వేసి, ఆ సగానికి గెంటేశారు. అదే సగాన్ని ఇప్పుడు వీడు వేశాడు." ఆవిడ కొడుకు మొహంలోకి చూసింది. "మిగతా సగం నీకూ తెలుసు. నేను టైపు కొడుతుంటే పక్కన కూర్చుని చదివి వినిపించింది నువ్వే."

లెక్చరరమ్మ పుస్తకం అందుకుని తన అధ్యాయం మళ్ళీ తిరగేసింది. పార్టీ తన అధ్యాయాన్ని పాడుచేసిందని వచ్చింది. ఇప్పుడు చూస్తే తన అధ్యాయం కూడా గుడ్డిగానే ఉంది. ప్రభుత్వమా కంపెనీయా అన్న రెండే దారుల మధ్య పార్టీ ఆలోచన అటూ ఇటూ ఊగిందని రాసింది. మూడో దారి ఒకటి ఉందని, దాన్ని ఆ పార్టీయే పురిట్లో నొక్కేసిందని, అది చెప్పిన మనిషి తన పక్క గదిలో రేడియో వింటున్నాడని ఆమెకు తెలియదు.

"తెలిసే కోశావు," అంది భర్తతో.

"తెలిసే కోశాను." అతను ఈసారి తల దించుకోలేదు. "ఎందుకో కూడా విను. ఆ రెండో సగం ఎక్కడైనా జరిగిందా? ఎవరైనా చేసి చూపించారా? నాన్న ఆ మాట అని, గెంటించుకుని, వచ్చి ఆ గదిలో కూర్చున్నారు. మాట చెక్కుచెదరకుండా ఉంది. కుళాయి ఎండిపోయింది. పైపులు మార్చి ఎన్నేళ్ళైందో తెలుసా? మన వెనక వీధిలో ఆడవాళ్ళు ట్యాంకరు కోసం జుట్లు పట్టుకుంటున్నారు. వాళ్ళకు కామా కావాలా, నీళ్ళు కావాలా? కంపెనీ వాడు దొంగే అనుకో. ఆ దొంగైనా పైపు వేస్తానంటున్నాడు. మీ ఇద్దరి దగ్గరా ఏముంది? మంచి వాక్యం ఉంది."

ఆమెకు ఇంకా కోపం వచ్చింది, ఎందుకంటే అతను చెప్పిన దాంట్లో వెనక వీధి సంగతి నిజం.

"అయితే అదే వాదించు," అంది. "రేపు సభలో నిలబడి, మా నాన్న చెప్పింది జరగదు, అందుకే కంపెనీకి ఇద్దాం అను. ఓడితే ఓడతావు, గెలిస్తే గెలుస్తావు. నేను చప్పట్లు కొట్టకపోవచ్చు గానీ నీ మొహం చూడగలుగుతాను. అది చెయ్యలేదు నువ్వు. ఆయన నోరు అరువు తెచ్చుకున్నావు. నా పేరు అరువు తెచ్చుకున్నావు. నీ మాట మీద నీకే నమ్మకం లేకపోతే, ఆ పంపుహౌసు వాళ్ళు మాత్రం ఎందుకు నమ్మాలి?"

"నీ పేరు పెట్టకపోతే ఎవరు చదువుతారు?"

"ఆ మాట నన్ను అడిగావా?"

అతను మళ్ళీ ప్రెస్ నోటు అందుకున్నాడు. అడగలేదు. అడిగితే ఒప్పుకోదని తెలుసు.

"మొత్తానికి మీ పార్టీ నీళ్ళకే నీళ్ళొదులుకుంటోందన్నమాట," అంది అత్తగారు. మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది.

అప్పటికి రేడియో ఆగిపోయి కాసేపైంది. వాళ్ళలో ఎవరూ గమనించలేదు. మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. సన్నటి మనిషి, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుంటారు. కొడుకుతో ఆయన మాట్లాడేది తక్కువ. పార్టీ గురించైతే అసలు లేదు.

"సభ ఎన్నింటికి?" అని అడిగారు.

"మామయ్యా, మీరు దీన్ని మనసులో పెట్టుకోకండి. నేను చూసుకుంటాను."

"పొద్దున కండక్టర్ ఫోన్ చేశాడమ్మా. సన్మానం చేస్తాం రమ్మన్నాడు. వస్తానన్నాను."

అత్తగారి చేతిలోంచి చిక్కుడుకాయ జారిపోయింది. "ఇన్నేళ్ళూ ఆ గుమ్మం తొక్కనని భీష్మించుకుని, ఇప్పుడు పూలగుత్తికి ఒప్పుకున్నారా? వాళ్ళు ఎందుకు పిలుస్తున్నారో తెలుసా మీకు?"

"అప్పుడు తెలియదు. ఇప్పుడు విన్నానుగా."

"అయితే మానెయ్యండి నాన్నా," అన్నాడు కొడుకు. చాలా కాలం తర్వాత తండ్రిని ఆ పిలుపు పిలిచాడు. "మీరు రాకపోతేనే నయం."

"నీకు నయమా, నాకా?" అన్నారు మాస్టారు. ఆయన కోడలి వైపు చూశారు. "వస్తానన్నాక రాకపోతే బాగుండదు. నువ్వు కూడా రా అమ్మా. ముందు వరసలో కూర్చో."

"అక్కడ ఏం మాట్లాడతారు మామయ్యా?"

"అడిగిన దానికి జవాబు చెప్తాను," అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు. ఈసారి రేడియో పెట్టలేదు.

మర్నాడు హాలు కిటకిటలాడింది. ప్రతి కుర్చీ మీదా పుస్తకం ఉంది. కొందరు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు, కొందరు విసనకర్రలా ఊపుకుంటున్నారు. వెనక వరసల నిండా పంపుహౌసు వాళ్ళు నీలం చొక్కాలతో కూర్చున్నారు. మాస్టారు లోపలికి అడుగు పెట్టగానే వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే నిలబడ్డారు. వేదిక మీంచి కండక్టర్ అది చూశాడు. ఆయన మొహంలో తృప్తి కనిపించింది.

లెక్చరరమ్మ ముందు వరసలో, అత్తగారి పక్కన కూర్చుంది. మాస్టారిని వేదిక మీద కూర్చోబెట్టారు. ఆమె భర్త అక్కడే మైకు పక్కన కుర్చీలో ఉన్నాడు. రాత్రంతా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

కండక్టర్ బాగా మాట్లాడాడు. పార్టీ ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో, లోకం మారుతుంటే ఎలా కళ్ళు తెరిచిందో చెప్పాడు. కౌలు అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. భాగస్వామ్యం అన్నాడు, సంస్కరణ అన్నాడు, చేయూత అన్నాడు. ఆ మాటల పుట్టుక అంతా అధ్యాయంలో విడివిడిగా రాసిన లెక్చరరమ్మకు, తను రాసిందే తన ముందు నిలబడి వెక్కిరిస్తున్నట్టుంది. చివరికి ఆయన పుస్తకం తెరిచాడు.

"ఇది నా మాట కాదు. మన మాస్టారి మాట. ఆయన కోడలే రాసింది. 'నీళ్ళు ప్రభుత్వం చేతుల్లోంచి బయటికి రావాలి.' ఆ రోజు మాకు అర్థం కాలేదు. తప్పు చేశాం. మాస్టారూ, ఈ సభ ముందు మీరే చెప్పండి. ఈ మాట మీదేనా?"

మైకు మాస్టారి ముందుకొచ్చింది.

"నాదే," అన్నారాయన.

హాలంతా చప్పట్లు మోగాయి. కండక్టర్ మైకు వెనక్కి తీసుకోబోయాడు. మాస్టారు దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"పూర్తి కాలేదయ్యా. నన్ను అప్పుడూ పూర్తి చెయ్యనివ్వలేదు. మిగతాది నేను చెబితే ముసలాడికి పాత కక్ష అంటారు. ఈ అధ్యాయం కింద పేరున్న మనిషి చెబుతుంది. రా అమ్మా."

ఆమె లేచింది. వేదిక మెట్లెక్కింది. మైకు స్టాండు పొడవాటి మనుషుల కోసం పెట్టి ఉంది. ఆమె భర్త కూర్చున్నచోటి నుంచి చెయ్యి చాచి దాన్ని ఆమె నోటి ఎత్తుకు దించాడు. ఆమె వైపు మాత్రం చూడలేదు.

"చివరి పేరా నేను రాయలేదు," అంది. "నేను రాసిన పేజీ ఒకటి ఇందులో లేదు. ఈ మాట అన్నందుకు మాస్టారిని ఈ పార్టీ గెంటేసిందని ఆ పేజీలో ఉంది. అప్పుడు ఈ మాట తప్పయితే ఇవాళ ఒప్పెలా అయింది? ఇవాళ ఒప్పయితే ఆయనకు క్షమాపణ ఎవరు చెప్పారు? 'తప్పు చేశాం' అని సెక్రటరీ గారు ఇప్పుడు అన్నారు. ఏం తప్పు చేశారో అనలేదు. ఇంకొకటి. ఆ వాక్యం అక్కడ ఆగదు. నిన్న సాయంత్రం దాకా ఆ సంగతి నాకూ తెలియదు. 'తోడేవాళ్ళ చేతుల్లోకీ తాగేవాళ్ళ చేతుల్లోకీ రావాలి, మధ్యలో మూడో చెయ్యి పడితే అది దొంగ చెయ్యే అవుతుంది.' ఇదీ పూర్తి వాక్యం. మీ ఒళ్ళో ఉన్న పుస్తకంలో మూడో చేతిని దాచి, మొదటి సగం మీకు పంచిపెట్టారు. చరిత్ర రాయమని నన్ను అడిగి, నా పేరుతో అబద్ధం రాశారు. నాకు కోపంగా ఉంది. మీకూ రావాలి."

వెనక వరసలో ఎవరో పుస్తకాన్ని కుర్చీ మీద కొట్టారు. ఆ పక్కవాడు, ఆ పక్కవాడు. నీలం చొక్కాలన్నీ లేచి నిలబడి పుస్తకాలతో కుర్చీలను బాదుతుంటే పైకప్పు అదిరింది. ముందు వరసలో అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

కండక్టర్ కంగారు పడలేదు. చప్పుడు తగ్గేదాకా ఓపిగ్గా ఆగాడు, కిక్కిరిసిన బస్సులో చిల్లర ఇచ్చే మనిషిలా. తర్వాత వేరే మైకు అందుకున్నాడు.

"బాగుంది. నాకు నచ్చింది. పూర్తి వాక్యమే కావాలా? దానికే ఓటేద్దాం. కంపెనీ వద్దు. వచ్చే నెల నుంచి పంపుహౌసు కార్మికులదే. ఊళ్ళోవాళ్ళదే. ప్రభుత్వం నుంచి ఒక్క పైసా రాదు, ఒక్క మాట కూడా రాదు. కరెంటు బిల్లు, జీతాలు, పగిలిన పైపులు, అన్నీ మీవే. రేపు కుళాయి ఎండితే జనం మా ఇంటికి రాకూడదు, ఎవరి పేరు రాస్తామో వాళ్ళింటికి వెళ్ళాలి." ఆయన ఆమె వైపు తిరిగాడు. గొంతులో పాత ఆప్యాయతే ఉంది. "వాళ్ళందరితో సంఘం పెట్టి పంపుహౌసు నడిపే బాధ్యత నీ పేరు మీద రాస్తాను చెల్లెమ్మా. ఒప్పుకుంటావా? ఒప్పుకోకపోతే పాత తీర్మానం మీదే చెయ్యెత్తమంటాను. ఆలోచించుకుంటానంటే కుదరదు. ఇక్కడే చెప్పాలి."

నీలం చొక్కాల వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకరిద్దరు మెల్లగా కూర్చున్నారు. ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఎన్నో ఏళ్ళుగా ఆయన మోస్తున్న వాక్యాన్ని కండక్టర్ ఒక్కసారిగా కోడలి నెత్తిన పెట్టేశాడు. 'ఒప్పుకో' అనడానికీ 'వద్దు' అనడానికీ ఆయనకు నోరు రావడం లేదు.

ఇది ఉచ్చు అని ఆమెకు తెలుసు. పైపులు కుళ్ళిపోయాయి. మూడు నెలల్లో అంతా కుప్పకూలుతుంది, అప్పుడు కంపెనీని జనమే చేతులు జోడించి పిలుస్తారు. మాస్టారి మాట శాశ్వతంగా చచ్చిపోతుంది. వద్దంటే ఇవాళే చచ్చిపోతుంది.

"ఒప్పుకుంటాను," అంది.

వెనక నుంచి ఒక కేక వినిపించింది. అది సంతోషమో భయమో తెలియలేదు.

"కానీ ఒక్క పేరు చాలదు. నాతో పాటు ఇంకో పేరు రాయాలి. ఈ పని జరగదని గట్టిగా నమ్మే మనిషి కావాలి నాకు. ఎక్కడ విరుగుతుందో అతనికి నాకంటే ముందు కనిపిస్తుంది. మాస్టారి వాక్యాన్ని చేత్తో కోసింది అతనే. అతికే పని కూడా అతనే చెయ్యాలి."

ఆమె చెయ్యి చాచి చూపించింది. హాలంతా అటు తిరిగింది.

మైకు పక్కన కుర్చీలో, మాస్టారి కొడుకు చేతిలోని ప్రెస్ నోటు మడిచాడు. ముందు కండక్టర్ వైపు చూశాడు. కండక్టర్ మెల్లగా, ఎవరికీ తెలియనంత మెల్లగా, అడ్డంగా తల ఊపాడు. తర్వాత తండ్రి వైపు చూశాడు. మాస్టారు కూడా అతన్నే చూస్తున్నారు.

అతను కుర్చీలోంచి లేచాడు.